కార్బరేటర్లు తీసేసి ఇంజెక్షన్ పెట్టాను: ఒక 240జెడ్ కథ

(డెన్వర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు మిత్రుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయిన వెంటనే కార్బరేటర్ గురించి మాట్లాడమన్నారు. నన్ను పిలిచింది మిమ్మల్ని మేలుకొలపడానికో, జోకొట్టడానికో తెలియడం లేదు. వెనక వరసలో ఎవరైనా కునుకు తీస్తే నేనేమీ అనుకోను. గురక మాత్రం వద్దు, రికార్డింగు నడుస్తోంది.

ముందు ఒక్క ప్రశ్న. ఇక్కడ బజాజ్ చేతక్ నడిపినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారే! పొద్దున్నే చేతక్ స్టార్ట్ కాకపోతే ఏం చేసేవాళ్ళం? పక్కకి వంచేవాళ్ళం. ఎందుకు వంచేవాళ్ళం? మా నాన్న వంచాడు కాబట్టి నేనూ వంచాను, అంతే కదా? అసలు సంగతేమిటంటే, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి అందించేది కార్బరేటర్. అందులో చిన్న గిన్నె ఉంటుంది. గిన్నెలో పెట్రోలు ఎంత ఉండాలో ఒక ఫ్లోట్ చూసుకుంటుంది. మన ఇంటి పైన నీళ్ళ ట్యాంకులో బంతి ఉంటుంది చూడండి, అదే. బండి వంచితే ఆ బంతి లెక్క తప్పి, పెట్రోలు పొంగి లోపలికి పోతుంది. చల్లటి ఇంజన్‌కి కావలసింది అదే, కాస్త ఎక్కువ పెట్రోలు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ వంచడం గురించే. ఆ పని చెయ్యితో చెయ్యకుండా కంప్యూటర్‌తో ఎలా చేయించాలి, చేయించబోతే ఎన్ని తిప్పలు పడాలి, ఇదే కథ.

నా బండి 1972 డాట్సన్ 240జెడ్ కారు, నిస్సాన్ వాళ్ళది. జపాన్‌లో దీన్ని ఫెయిర్‌లేడీ అనేవాళ్ళు. పొడుగు ముక్కు, రెండే సీట్లు, లోపల వరసగా ఆరు సిలిండర్ల ఇంజన్, 2,393 సీసీ. దానికి రెండు కార్బరేటర్లు. హిటాచీ వాళ్ళు చేసినవే గానీ, డిజైను ఇంగ్లండ్‌లో పుట్టిన ఎస్‌యూది. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్, స్కిన్నర్ అన్నదమ్ముల కంపెనీ. ఈ పేరు మనకి కొత్త కాదు. పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే చాలా బళ్ళలో ఒక పక్కన గంటలాంటి అల్యూమినియం డబ్బా కనిపించేది, గుర్తుందా? అదే ఎస్‌యూ. నేను విజయవాడ ఆటోనగర్‌కి దగ్గర్లో పెరిగాను. దాని మూత తిప్పి, రెండు చుక్కల నూనె పోసి, మళ్ళీ బిగించే మేస్త్రీలను చూస్తూ పెరిగాను. ఆ నూనె ఎందుకో అప్పుడు తెలియదు. ముప్పై ఏళ్ళ తరవాత, కొలరాడోలో, నా గ్యారేజీలో తెలిసింది.

ఆ గంట లోపల ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజన్ గాలి ఎక్కువ పీలిస్తే పిస్టన్ పైకి లేస్తుంది, తక్కువ పీలిస్తే దిగుతుంది. పిస్టన్ అడుగున ఒక సూది, సూది దిగేది పెట్రోలు వచ్చే రంధ్రంలోకి. సూది కిందికి పోయేకొద్దీ సన్నం. పిస్టన్ లేస్తే సూది లేస్తుంది, రంధ్రం తెరుచుకుంటుంది, పెట్రోలు పెరుగుతుంది. అంతే! కరెంటు లేదు, సెన్సర్ లేదు, ప్రోగ్రామ్ లేదు. ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్న లెక్కంతా ఆ సూది ఒంపులోనే ఉంది. అందుకే కార్బరేటర్‌ని ఎవరైనా పాతకాలపు చెత్త అంటే నాకు నచ్చదు. అది కంప్యూటరే. కాకపోతే ఇత్తడితో, అల్యూమినియంతో చేసిన కంప్యూటర్. ఇంక ఆ నూనె సంగతి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పిస్టన్ ఎగిరిపోకుండా నూనె పట్టుకుంటుంది. ఆ క్షణంలో గాలికి దారి ఇరుకు, చూషణ ఎక్కువ, పెట్రోలు ఎక్కువ. పికప్ అక్కణ్ణుంచి వస్తుంది. రెండు చుక్కల నూనెతో!

మరి అంత గొప్పదాన్ని ఎందుకు పీకేశావయ్యా అని మీరడగాలి. అడగండి.

ఊరు వల్ల. మనం ఉన్న ఊరు సముద్రానికి 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి విజయవాడ గాలితో పోలిస్తే సాంద్రతలో దాదాపు 15 శాతం పలచన. అన్నం కుక్కర్ లేకుండా ఉడకడం లేదని మనవాళ్ళు ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫోన్లు చేసుకుంటారు చూడండి, కారణం అదే. ఇప్పుడు ఆ సూది సంగతి ఆలోచించండి. సూదికి గాలి పరిమాణం తెలుస్తుంది గానీ గాలి బరువు తెలియదు. ఇంజన్‌కి కావలసింది బరువు లెక్క. గాలి పలచబడితే ఎస్‌యూ దానికి తగినంతగా పెట్రోలు తగ్గించదు. సాంద్రత ఎంత పడిపోయిందో దాని వర్గమూలం మేరకు మిశ్రమం చిక్కబడుతుంది. ఎనిమిదో తరగతి లెక్క, భయపడకండి. సముద్ర తీరంలో సరిచేసిన బండి డెన్వర్‌లో సుమారు 8 శాతం చిక్కగా నడుస్తుంది. సరే, సూది మార్చుకోవచ్చు, జెట్, అంటే సూది దిగే ఆ రంధ్రాన్ని, కాస్త పైకి తిప్పుకోవచ్చు. ఊరికి తగ్గట్టు సరిచేసుకున్నాం. ఆదివారం కొండ ఎక్కితే?

పైక్స్ పీక్ రోడ్డు చాలామంది ఎక్కే ఉంటారు. శిఖరం 4,300 మీటర్లు. అక్కడ గాలి సాంద్రత సముద్ర తీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. 240జెడ్‌లో మా ఆవిడా నేనూ మొదటిసారి బయలుదేరాం. సగం దూరం బాగానే ఎక్కింది. చెట్లు అయిపోయే ఎత్తుకి వచ్చేసరికి బండి ముక్కడం మొదలెట్టింది. అద్దంలో చూస్తే వెనక నల్ల పొగ. వెనక కారాయన హారన్ కొడుతున్నాడు. ఒక మలుపులో ఆపాను, ఐడిలింగ్ నిలబడలేదు, ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేద్దామంటే గుర్రుమనడమే గానీ అందుకోదు. ప్లగ్గులు తీసి చూస్తే బొగ్గు. కాటుక పెట్టుకోవచ్చు! మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. పెళ్ళయిన మగవాళ్ళకి అర్థమవుతుంది, ఏమీ అనకపోవడమే ఎక్కువ భయం. ప్లగ్గులు చీరతో, కాదు, నా టీషర్టుతో తుడిచి, కిందికి దిగాం. ఆ దిగుడులో నిర్ణయం అయిపోయింది.

నిజానికి ఈ మార్పిడి నా తెలివి కాదు, నిస్సాన్ వాళ్ళే చేసి పెట్టారు. 240 తరవాత 260, దాని తరవాత 280. అమెరికాకి 1975లో వచ్చిన 280జెడ్‌లో కార్బరేటర్లు లేవు. బాష్ కంపెనీ ఎల్-జెట్రానిక్ ఇంజెక్షన్ పెట్టారు. ఇంజెక్షన్ అంటే పెట్రోలుని ఇంజెక్టర్ అనే చిన్న మూతితో చిమ్మించడం, ఎంత చిమ్మాలో ఇందులో కంప్యూటర్ చెప్తుంది. ఇంజన్ కుటుంబం ఒకటే, కాబట్టి 280 మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి, 240 ఇంజన్‌కి బోల్టులతో కూర్చుంటుంది. తుక్కు యార్డులో ఒక 280 దొరికింది. ముందు భాగం నుజ్జు, మానిఫోల్డ్ భద్రం. కూర్చుంటుంది అన్నాను గానీ, ఒక మెలిక ఉంది. సిలిండర్ల పైన మూతలా కూర్చునేది హెడ్, అందులో గాలి లోపలికి పోయే దారి పోర్టు. 280 హెడ్‌లో ఇంజెక్టర్ చిమ్మే తుంపర కోసం పోర్టు పైన చిన్న నొక్కు చెక్కి ఉంటుంది. నా హెడ్‌లో అది లేదు. హెడ్ దించి, ఆరు పోర్టుల్లోనూ ఆ నొక్కు ఆకురాయితో నేనే తీశాను. రెండు రాత్రులు పట్టింది.

పాత జెట్రానిక్ కంప్యూటర్ మాత్రం వాడలేదు. వైర్లు పట్టుకుంటే అప్పడాల్లా విరిగిపోతున్నాయి. మెగాస్క్విర్ట్ తీసుకున్నాను. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు ఇంజనీర్లు తయారుచేసిన ఇంజెక్షన్ కంప్యూటర్ అది. విడి భాగాలుగా వస్తే మనమే సోల్డరింగ్ చేసుకోవచ్చు. రెడీమేడ్‌గా కొనుక్కోవచ్చు కూడా. నాకు సోల్డరింగ్ సరదా. సరదాకి ఎంత ఖర్చయిందో మా ఆవిడ ముందు చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. ఇంజెక్షన్ అనగానే అందరి దృష్టీ కంప్యూటర్ మీదికి పోతుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకైతే మరీనూ. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని గళ్ళ టేబుల్, లాప్‌టాప్‌లో గ్రాఫులు ఎలా కనిపిస్తాయి, ఇవే అడుగుతారు. పెట్రోలు ట్యాంకు గురించి ఎవ్వరూ అడగరు. నా ఏడు నెలల పనిలో ఐదు నెలలు ట్యాంకు, గొట్టాలు, వైర్లు. వినండి, మళ్ళీ చెప్తున్నాను, ఐదు నెలలు.

కార్బరేటర్‌కి పెట్రోలు మూడు నాలుగు పీఎస్‌ఐ ఒత్తిడితో అందితే చాలు. ఇంజన్ మీదున్న చిన్న పంపే ఆ పని చేసేస్తుంది. ఇంజెక్షన్‌కి నలభై పైన కావాలి. కారు టైరులో గాలి ఎంత? ముప్పై, ముప్పై రెండు. దానికంటే ఎక్కువ ఒత్తిడితో పెట్రోలు, వేడి ఇంజన్ పక్కన! గొట్టాలన్నీ మార్చాలి. ఇంజెక్షన్ గొట్టం వేరు, కార్బరేటర్ గొట్టం వేరు. చూడటానికి రెండూ నల్లగానే ఉంటాయి, పైన అచ్చు చదవాలి. ఇంట్లో గ్యాస్ పొయ్యి ట్యూబు మీద తేదీ చూసి మారుస్తాం కదా, అంత శ్రద్ధ ఉండాలి. నేను అన్నీ మార్చాను, ట్యాంకు దగ్గర జానెడు ముక్క తప్ప. కనపడదు కదా అని పాతది వదిలేశాను. మూడో రోజు గ్యారేజీ తలుపు తీస్తే గుప్పున పెట్రోలు వాసన. పడుకుని టార్చి వేసి చూస్తే, ఆ జానెడు ముక్కకి క్లిప్పు పక్కన చెమట పట్టినట్టు సన్నటి తడి. ఇంకా కారడం లేదు, చెమర్చిందంతే. అదే గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరవాత ట్యాంకు. నా ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి పోకుండా ఆపే అడ్డుగోడలు లేవు. కార్బరేటర్‌కి దానివల్ల బాధ లేదు. ఎందుకని? గిన్నె ఉంది కదా! రెండు క్షణాలు పెట్రోలు రాకపోయినా గిన్నెలో ఉన్నదాంతో నడిచిపోతుంది. ఇంజెక్షన్‌లో గిన్నె లేదు. ట్యాంకులో పావు వంతు పెట్రోలుతో ఒక పొడుగు మలుపు తిరిగాను. పెట్రోలంతా ఒక పక్కకి ఒరిగింది, పంపు గాలి మింగింది, మలుపు మధ్యలో ఇంజన్ చచ్చిపోయింది. అప్పుడు మధ్యలో ఒక లీటరు చిన్న ట్యాంకు పెట్టాల్సి వచ్చింది. చిన్న పంపు దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది, పెద్ద పంపు అందులోంచి తోడుతుంది. చూశారా? కార్బరేటర్ గిన్నెని ముందు పారేశాను, మళ్ళీ డబ్బులు పెట్టి డిక్కీలో గిన్నె పెట్టాను.

ఈ పంపు సంగతి చరిత్రలో కూడా ఉంది. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్ళు 1967లోనే టీఆర్5కి లూకాస్ ఇంజెక్షన్ పెట్టారు. అదే కారుని అమెరికాకి పంపినప్పుడు మాత్రం కార్బరేటర్లతో పంపారు. డిక్కీలో పెట్టిన పంపు వేడెక్కడం, పెట్రోలు ఆవిరవడం, బండి దారిలో ఆగడం. విసుగెత్తి ఇంజెక్షన్ పీకేసి కార్బరేటర్లు బిగించుకున్నవాళ్ళు బోలెడుమంది. నేను చేసినదానికి సరిగ్గా తలకిందులు. వాళ్ళనీ తప్పుపట్టలేం.

మధ్యలో చిన్న లెక్క. ఇంజెక్టర్లు ఎంత పెద్దవి కావాలి? పెద్దవి పెడితే పవర్ వస్తుందని కుర్రాళ్ళు అనుకుంటారు. రాదు. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ రెండు చుట్లు తిరగడానికి పట్టేది 20 మిల్లీ సెకన్లు. ఆ లోపల ఒక సిలిండర్‌కి కావలసిన పెట్రోలంతా చిమ్మేయాలి, ఇంజెక్టర్ ఊపిరి తీసుకోవడానికి కాస్త వ్యవధి కూడా మిగలాలి. 160 హార్స్ పవర్‌కి లెక్కేస్తే ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 175 సీసీ చాలు. ఇంతకి మూడింతలు పెట్టారనుకోండి, ఐడిలింగ్‌లో ఒక మిల్లీ సెకను తెరిచినా ఎక్కువైపోతుంది. చెంచాతో పొయ్యాల్సిన నెయ్యి చెంబుతో పోసినట్టు.

ఇంక వైరింగ్ గురించి ఒక్క కథ చెప్తాను, ఒక్కటే. బండి నడుస్తోంది, బాగుంది, సంతోషం. సాయంత్రం హెడ్‌లైట్లు వేశాను. బండి ముక్కింది. లైట్లు ఆపాను, మామూలైపోయింది. వేశాను, ముక్కింది. లైట్లకీ పెట్రోలుకీ ఏమిటి సంబంధం? మూడు వారాలు వెతికాను. పంపు వోల్టేజీ చూశాను, ఆల్టర్నేటర్ మార్చాను, రిలేలు మార్చాను. చివరికి ఒక రాత్రి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో లైట్ల స్విచ్ వేస్తూ ఆపుతూ, ఒక్కొక్క అంకె చూస్తూ కూర్చున్నాను. నీళ్ళ ఉష్ణోగ్రత 82 డిగ్రీలు. లైటు వేశాను, 61. ఆపాను, 82. ఇంజన్ నీళ్ళు ఒక్క క్షణంలో 20 డిగ్రీలు చల్లబడతాయా? ఆ సెన్సర్ ఎర్తు వైరుని నేను రంగు వేసిన బోల్టు కింద బిగించాను. అదే దారిలో లైట్ల కరెంటు కూడా పోతోంది. రంగు వల్ల అక్కడ కొంచెం అడ్డు, ఆ అడ్డు మీద వోల్టేజీ లేస్తోంది, కంప్యూటర్‌కి అది చల్లటి ఇంజన్‌లా కనిపిస్తోంది. చల్లగా ఉంది పాపం అని అదనంగా పెట్రోలు పోస్తోంది. అంటే నేను లైట్లు వేసినప్పుడల్లా అది చేతక్‌ని పక్కకి వంచుతోంది! సెన్సర్ల ఎర్తులన్నీ విడిగా ఒకే వైరుతో కంప్యూటర్‌కే తీసుకెళ్ళాను, తగువు తీరింది. కార్బరేటర్‌కి ఇలాంటి భ్రమలు ఉండవు, ఆ మాట ఒప్పుకోవాలి.

ట్యూనింగ్. కంప్యూటర్‌లో 16 అడ్డం, 16 నిలువు, మొత్తం 256 గళ్ళు. ఒక వైపు ఆర్‌పీఎమ్, ఇంకోవైపు మానిఫోల్డ్‌లో ఒత్తిడి. ఒక్కో గడిలో, ఆ పరిస్థితిలో సిలిండర్ ఎంత నిండుతుందో శాతం రాయాలి. సూది ఒంపులో ఉన్న లెక్కని ఇప్పుడు మనం ఒక్కొక్క అంకెగా దింపాలన్నమాట. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెడితే మిశ్రమం ఎంతుందో చెప్తుంది. మామూలు పెట్రోలుకి ఒక వంతుకి 14.7 వంతుల గాలి, బరువు లెక్కన. గట్టిగా తొక్కినప్పుడు పన్నెండున్నర, పదమూడు. మా ఆవిడ నడిపేది, నేను పక్కన లాప్‌టాప్‌తో. "నలభైలో ఉంచు, ఇప్పుడు మెల్లగా తొక్కు, ఆపు, అయ్యో అంత కాదు." రెండో రోజుకి ఆవిడ బండి పక్కకి ఆపి, "నువ్వు నడుపు, ఆ అంకెలు నేను కొడతా" అంది. నాకంటే తొందరగా పట్టేసింది.

ఒక విషయం మాత్రం పుస్తకంలా చెప్పాలి. యాక్సిలరేటర్ చటుక్కున తొక్కితే బండి ఒక్క క్షణం తడబడేది. కారణం కొత్త కుండ. కొత్త కుండలో నీళ్ళు పోస్తే ముందు కుండ తాగుతుంది కదా? అలాగే చిమ్మిన పెట్రోలులో కొంత పోర్టు గోడకి పట్టుకుంటుంది. ఒత్తిడి పెరిగినప్పుడు గోడ ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, సిలిండర్‌కి తక్కువ చేరుతుంది. కాబట్టి గోడ వాటా ముందే పోయాలి. ఎస్‌యూలో నూనె చుక్కలు చేసిన పని ఇదే.

చలి స్టార్టింగ్ సరిచేయడానికి శీతాకాలమంతా పట్టింది. ఎందుకో తెలుసా? చల్లటి ఇంజన్ రోజుకి ఒక్కసారే దొరుకుతుంది. పొద్దున ఆరింటికి తాళం తిప్పుతావు. అంకె తప్పు అయితే సరిచేసి మళ్ళీ తిప్పుతావు, ఈలోపు ఇంజన్ కొంచెం వేడెక్కిపోయింది, పరీక్ష చెల్లదు. రేపటిదాకా ఆగు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆలోచించండి, రోజుకి ఒక్కసారే రన్ చేయగలిగే ప్రోగ్రామ్!

పవర్ పెరిగిందా? పెరగలేదు. ఇదే అందరూ అడుగుతారు, అందరికీ ఇదే చెప్తాను. బాగా సరిచేసిన ఎస్‌యూలకీ దీనికీ సీటులో కూర్చుంటే తేడా తెలియదు. ఒకటి పోయింది కూడా. ఎస్‌యూల బుస శబ్దం. రెండు కార్బరేటర్లూ సమంగా పీలుస్తున్నాయో లేదో చూడటానికి చెవిలో రబ్బరు గొట్టం పెట్టుకుని వినేవాణ్ణి, ఒక్కోసారి అవసరం లేకపోయినా వినేవాణ్ణి. దారిలో ఆగితే స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకునే ధైర్యం కూడా పోయింది. ఇప్పుడు లాప్‌టాప్ చార్జింగ్ ఉందో లేదో చూసుకుని బయలుదేరాలి. మీరు హ్యూస్టన్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, నెలకోసారి బండి తీసేవాళ్ళైతే నన్నడిగితే వద్దనే అంటాను. కార్బరేటర్లు శుభ్రంగా సర్వీసు చేయించుకోండి, చాలు. కొండలు ఎక్కి దిగేవాళ్ళ సంగతి వేరు.

కిందటి వేసవిలో మళ్ళీ పైక్స్ పీక్ ఎక్కాం. చెట్లు అయిపోయే చోట నా చేతులకి చెమటలు పట్టాయి. లాప్‌టాప్ ఆవిడ ఒళ్ళో ఉంది. డెన్వర్‌లో 83 చూపించే గాలి ఒత్తిడి 70 అయింది, 65 అయింది, పైన 60. కిలో పాస్కల్స్. మిశ్రమం అంకె మాత్రం కదల్లేదు. పొగ లేదు. పాత మలుపు దగ్గర కావాలని ఆపాను, ఐడిలింగ్ గడియారంలా ఉంది. బలం మాత్రం లేదండీ, గాలే లేనప్పుడు ఇంజెక్షన్ మాత్రం ఏం చేస్తుంది? సెకండ్ గేర్‌లో మెల్లగా ఎక్కాం. ఒక మినీవ్యాన్ మమ్మల్ని దాటి వెళ్ళింది. అందులో పిల్లలు చెయ్యి ఊపారు.

కార్బరేటర్లు రెండూ నూనె పూసి అట్టపెట్టెలో దాచాను, ఒక్క బోల్టు కూడా పోలేదు. బాడీలో ఎక్కడా కొత్త రంధ్రం చెయ్యలేదు కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి పెట్టుకోవచ్చు. ఇవాళ ఆ పెట్టె కూడా తెచ్చాను. బండి బయట పార్కింగులో ఎడమ వైపు చివర ఉంది. టీ తాగి రండి, బానెట్ ఎత్తి చూపిస్తాను. ఎస్‌యూ మూత తిప్పి చూడాలనుకున్నవాళ్ళు చేతులకి నూనె అంటుతుందని ముందే చెప్తున్నాను.